ఓపీ రోజు పొద్దున

ప్రియమైన వదినగారికి,

మీరు, అన్నగారు వెళ్ళాక ఇల్లు సర్దడం మొదలుపెట్టాను. నెమ్మదిగా సాగుతోంది. మీరు ఫోను చేసినప్పుడల్లా "ఊఁ" అనడం తప్ప నాకు మాట రావడం లేదు. అందుకని రాస్తున్నాను. కాగితం మీద కాస్త నయం.

పనికి వెళ్తున్నాను. పంపు హౌసులో నా కుర్చీ అలాగే ఉంది. గోడ మీద నీళ్ళ ఒత్తిడి చూపే మీటర్లూ అలాగే ఉన్నాయి. తోటివాళ్ళు నాతో మాట్లాడేటప్పుడు గొంతు తగ్గిస్తున్నారు. అదీ కొన్నాళ్ళే.

మీకు ఒక విషయం చెప్పాలి. మీ చెల్లెలి అలమారలో, బట్టల వెనక, బీపీ మాత్రలు దొరికాయి. అన్ని రకాలూ ఉన్నాయి, ఒక్కో స్ట్రిప్పులో కొన్ని. అంటే అన్నీ వేసుకోలేదు. రోజూ గ్లాసు నీళ్ళు చేతికిచ్చి, మింగేదాకా ఎదురుగా నిలబడేవాణ్ణి. నేను లేని పొద్దుటి పూటల్లో మానేసిందన్నమాట. బీపీ పెరిగి పడిపోయిందని నా నమ్మకం. ఎందుకలా చేసిందో అడుగుదామంటే మనిషి లేదు.

మీకూ బీపీయే. అక్కాచెల్లెళ్ళు. మీరు మాత్రం ఒక్క పూట కూడా మానకండి. మిమ్మల్ని అడిగేది ఇదొక్కటే.

అన్నగారికి నమస్కారాలు.

మీ మరిది


ప్రియమైన మరిది గారికి,

మీ ఉత్తరం చదువుతుంటే టెలిగ్రాం వచ్చినట్టుంది. ఒక్కో మాటకీ మిమ్మల్ని ఎవరైనా డబ్బులు అడుగుతున్నారా? అయినా రాశారు, అదే చాలు. రెండుసార్లు చదువుకున్నాను. రెండోసారి మీ అన్నగారికి వినిపించాను. ఆయన అటు తిరిగి కిటికీ తుడవడం మొదలుపెట్టారు. ఈ ఇంట్లో కాపురం పెట్టాక ఆయన కిటికీ తుడవడం అదే మొదలు.

చిన్నది మాత్రలు దాచిందంటే నాకు నమ్మబుద్ధి కాలేదు. చిన్నప్పుడు చేదు మందైనా గుటుక్కున మింగి, నా వంతు కూడా మింగి పెట్టేది. అయినా మీరు కళ్ళారా చూశారు. నేనేం చెప్పగలను.

నా సంగతికొస్తే, మొన్ననే ఓపీకి వెళ్ళొచ్చాను. నూట డెబ్బై రెండు ఉందట. డాక్టరు తలెత్తకుండానే "పెరిగిందే" అని ఇంకో మాత్ర రాశాడు. ఇప్పుడు మూడు. ఇంటికొచ్చి చెప్తే మీ అన్నగారు, "నీ ఒంట్లో ఇంత ప్రెషరుందని తెలిస్తే మా డిపోలో బస్సు టైర్లకి గాలి కొట్టించేవాణ్ణి కదే" అన్నారు. ముప్ఫై ఏళ్ళుగా బస్సు నడుపుతున్న మనిషికి బస్సు తప్ప ఇంకో పోలిక దొరకదు.

కుట్టుపని బాగానే ఉంది. కొత్తవి ఎవరూ కుట్టించుకోవడం లేదు. కొన్నవాటిని కుదించమని, వదులు చెయ్యమని తెస్తున్నారు. నా కొట్టు చిన్నదే అయినా మిషను ఆగడం లేదు.

మీకు మాటిస్తున్నాను. రోజూ వేసుకుంటాను. నా చెల్లెలి మీద ఒట్టు అందామంటే, ఆ ఒట్టు ఇప్పుడు చెల్లదు కదా. ఊరికే మాటిస్తున్నాను.

వేళకి తినండి.

మీ వదిన


ప్రియమైన వదినగారికి,

మీ మాట చాలు. ఒట్టు అక్కర్లేదు.

ఒక పార్సెల్ పంపుతున్నాను. బీపీ చూసుకునే మిషను. మీ చెల్లెలి కోసం కొన్నాను. ఆమె వాడలేదు. "దాన్ని చూస్తేనే పెరుగుతుంది, లోపల పెట్టండి" అనేది. నేనూ పట్టుబట్టలేదు. ఆసుపత్రిలో ఎలాగూ చూస్తున్నారు కదా అనుకున్నాను.

కాసేపు కుదురుగా కూర్చుని, చెయ్యి బల్ల మీద ఆనించి చూసుకోండి. పొద్దున, సాయంత్రం. మాట్లాడుతూ చూసుకోకండి. అది మీకు కష్టమని తెలుసు.

తింటున్నాను. రుచి గురించి అడగకండి.

మీ మరిది


ప్రియమైన మరిది గారికి,

మిషను చేరింది. అట్టపెట్టె మీద చిన్నదాని చేతిరాత, "పెళుసు, జాగ్రత్త" అని. మిషను గురించో తన గురించో తెలియలేదు. ఆ అట్ట ముక్క కత్తిరించి దాచుకున్నాను. కోప్పడకండి.

కానీ మరిది గారూ, మీ మిషను పని చెయ్యడం లేదు. మళ్ళీ ఓపీకి వెళ్తే అక్కడ నూట డెబ్బై ఎనిమిది. ఈసారి ఇంకో డాక్టరు. చీటీ చూసి, "మూడు వాడుతున్నా తగ్గలేదా" అని నాలుగోది రాశాడు. మర్నాడు ఇంట్లో మీ మిషను పెట్టుకుంటే తొంభై ఎనిమిది. సాయంత్రం నూట రెండు. మీ అన్నగారు, "నువ్వు ఒక మనిషివా ఇద్దరివా? అక్కడ పులి, ఇక్కడ పిల్లి" అన్నారు. మిషను తీసి పైన పెట్టేశాను.

ఈ మధ్య కుట్టు మిషను దగ్గర్నుంచి లేస్తుంటే కళ్ళు బైర్లు కమ్ముతున్నాయి. గోడ పట్టుకుని నిలబడితే సర్దుకుంటుంది. నిద్ర తీరనట్టు పగలంతా ఒకటే నీరసం. మొన్న లాయరు గారి ప్యాంటు పొడవు తగ్గించాను. ఆయన తెల్లారేసరికి కొట్టు ముందు నిలబడ్డాడు. "అమ్మా, నాకు రెండు కాళ్ళూ ఒకే పొడవు. దేవుడిచ్చిన కొలత. నీ కత్తెరకి అది నచ్చలేదా?" అన్నాడు. ఇన్నేళ్ళలో ఇలాంటి పొరపాటు చెయ్యలేదు. నవ్వేశాను కానీ సిగ్గేసింది.

వయసు అనుకుంటున్నాను. ఒకటి రెండు మాత్రలు తగ్గించుకుని చూద్దామా అని కూడా అనిపిస్తోంది. మీకిచ్చిన మాట గుర్తొచ్చి ఆగాను. మీరేమంటారు?

మీ వదిన


ప్రియమైన వదినగారికి,

తగ్గించకండి. దయచేసి.

ఇంట్లో మిషను బొమ్మలాంటిది. ఆసుపత్రిలో చూసేవాళ్ళు రోజంతా అదే పని చేస్తారు. వాళ్ళ అంకెనే నమ్మండి. నీరసం కొత్త మాత్ర అలవాటయ్యేదాకా ఉంటుందేమో. లేచేటప్పుడు నెమ్మదిగా లేవండి.

మళ్ళీ మొన్నటిలా ఇంకో ఆసుపత్రి వరండాలో కూర్చునే ఓపిక నాకు లేదు. ఇలా రాయకూడదు. రాశాను.

మీ మరిది


ప్రియమైన మరిది గారికి,

చేతిరాత చూసి కంగారు పడకండి. రాత మీ అన్నగారిది, మాటలు నావి. పడ్డాను. బతికే ఉన్నాను. ఈ రెండూ ముందే చెప్పమన్నారు ఆయన.

పొద్దున మాత్రలు వేసుకుని కొట్టు తెరుద్దామని లేచాను. షట్టరు ఎత్తాను. అంతే గుర్తుంది. కళ్ళు తెరిచేసరికి పక్క కొట్టు ఇస్త్రీ ఆవిడ నా తల ఒళ్ళో పెట్టుకుని, "అక్కా, అక్కా" అంటోంది. కుడి మణికట్టు విరిగింది. కనుబొమ్మ దగ్గర కుట్లు పడ్డాయి. ఇన్నేళ్ళు నేను అందరికీ కుట్లు వేశాను. నాకూ ఎవరో ఒకరు వెయ్యాలి కదా.

(ఆవిడ నవ్వుతూ చెప్తోంది. నేను నవ్వుతూ రాయడం లేదు. షట్టరు ఇంకో జానెడు కిందుండుంటే తల అంచుకి తగిలేది. అన్నయ్య.)

ఆయన ఏదో సొంతంగా రాస్తున్నారు, కాగితం చెయ్యి అడ్డుపెట్టి దాస్తున్నారు. అనవసరమైన పిచ్చిమాటలు ఏవైనా ఉంటే పట్టించుకోకండి.

కట్టు కట్టిన నర్సు అక్కడే బీపీ చూసి, "ఎనభై ఎనిమిదా?" అని మళ్ళీ చూసింది. మళ్ళీ అంతే. "భయానికి పడిపోయి ఉంటుంది" అంది. భయానికి బీపీ పెరుగుతుందని విన్నాను కానీ పడిపోతుందని వినలేదు. నాలుగు రోజుల్లో మళ్ళీ ఓపీ ఉంది. అప్పుడు అడుగుదామనుకుంటున్నాను.

(తమ్ముడూ, ఒక్క మాట. ఈవిడ మాత్రలు మింగే పద్ధతి చూస్తుంటే బ్రేకు మీద కాలు పెట్టి అక్కడే మరిచిపోయినట్టుంది. బండి ఆగిపోతుంది. నేను డ్రైవర్ని, డాక్టర్ని కాను. నువ్వు చదువుకున్నవాడివి. ఆలోచించు.)

మీ వదిన, ఎడమచేత్తో సంతకం. కాకి గీసినట్టుంది, క్షమించండి.


ప్రియమైన వదినగారికి,

ఈ ఉత్తరం స్పీడు పోస్టులో పంపుతున్నాను. ఓపీకి వెళ్ళే ముందు దీనికి మీరు జవాబు చెప్పాలి. నాకు కాకపోయినా, అన్నగారికైనా.

ముందు ఒక మాట. మిషను పాడవలేదు. పార్సెల్ కట్టే ముందు నా చేతికి పెట్టి చూశాను, వెంటనే మందుల షాపుకి వెళ్ళి అక్కడా చూపించుకున్నాను. రెండూ దగ్గర దగ్గరగా వచ్చాయి. మీరు అది పని చెయ్యడం లేదని రాసినప్పుడు ఈ సంగతి నేను చెప్పలేదు. మిషను తప్పయితే నాకు హాయిగా ఉంటుంది. ఇంకేమీ ఆలోచించనక్కర్లేదు.

నిన్న డ్యూటీలో మా పెద్ద గొట్టం మీద రెండు మీటర్లు రెండు లెక్కలు చూపించాయి. కొత్తగా చేరిన ఇంజనీరు, "ఒకటి పాడయింది సార్, మార్చేద్దాం" అన్నాడు. "మార్చడం తర్వాత. ముందు ఆ తక్కువ రీడింగు తీసినప్పుడు పంపు నడుస్తోందా, ఆగి ఉందా అడుగు" అన్నాను. పంపు ఆగి ఉందట. రెండు మీటర్లూ మంచివే. ఆ మాట నా నోటి నుంచి వచ్చాక, ఇంటికెళ్ళి మీ ఉత్తరాలు మళ్ళీ తీసి చదివాను.

మీ రెండు అంకెలూ నిజమే అనుకుందాం. అప్పుడు ఓపీ రోజుకీ మిగతా రోజులకీ ఏదో తేడా ఉండాలి. ఆ రోజు పొద్దున లేచిన దగ్గర్నుంచి డాక్టరు ముందు కూర్చునేదాకా మీరేం చేస్తారో వరసగా చెప్పండి. ఏం తింటారు, ఎప్పుడు బయల్దేరతారు, ఎక్కడ కూర్చుంటారు. చిన్నదని వదలకండి. సిగ్గుపడకండి.

మీ మరిది


ప్రియమైన మరిది గారికి,

ఇదీ మీ అన్నగారి చేతిరాతే. ఈసారి ఆయన మధ్యలో దూరనని మాటిచ్చారు. చూద్దాం.

సిగ్గుపడొద్దన్నారు కాబట్టి చెప్తున్నాను. వదిన మరిదికి చెప్పే సంగతి కాదు. అందుకే ఇన్నాళ్ళూ రాయలేదు. అంత పెద్ద విషయమనీ అనుకోలేదు.

నా మాత్రల్లో ఒకటి నీరు పోయేది. వేసుకున్నాక పూటంతా గంటకోసారి వెళ్ళాలి. ఇంట్లో అయితే ఫరవాలేదు. ఓపీలో ఎలా? చీకటితో లేచి రెండు బస్సులు మారాలి. చీటీ తీసుకుని బెంచీ మీద కూర్చుంటే ఇక కదలకూడదు. పేరు పిలిచినప్పుడు మనిషి లేకపోతే చీటీ అడుక్కి పోతుంది. మళ్ళీ మొదట్నుంచి. ఆ గది చూస్తే వెనక బిల్డింగులో, మెట్లు దిగి వెళ్ళాలి. చోటు చూస్తూ ఉండమని పక్కావిడకి చెప్పి ఒకసారి వెళ్ళాను. వచ్చేసరికి నా చోట్లో మీసాలాయన కూర్చున్నాడు. పక్కావిడ ఆయన భార్యే.

అందుకని ఓపీ రోజు మాత్ర వేసుకోను. ఆ నీటి మాత్ర ఏదో కూడా నాకు సరిగ్గా తెలియదు, కొన్న ప్రతిసారీ రంగు మారుతుంది. అందుకని ఏదీ వేసుకోను. ఇంటికొచ్చాక, "ఇవాళ్టికి పోనీలే, రేపట్నుంచి" అనుకుంటాను. మిగతా రోజులన్నీ వేసుకున్నాను మరిది గారూ. మీకిచ్చిన మాట తప్పలేదు. ఆ ఒక్కరోజూ మాటలోకి వస్తుందని నాకు తోచలేదు.

మీ ఉత్తరం అందింది ఓపీ ముందు రోజు సాయంత్రం. మీ అన్నగారు చదివి వినిపించి, నా మొహంలోకి చూసి, "ఏంటే, దొంగ దొరికినట్టున్నావు?" అన్నారు. చెప్పాను. ఆయన వెంటనే డిపోకి ఫోను చేసి మొదటి ట్రిప్పు మార్పించుకున్నారు. మర్నాడు నాలుగు మాత్రలూ వేసుకుని, ఆయన భుజం పట్టుకుని వెళ్ళాను.

ఈసారి ఒక డాక్టరమ్మ. మీ చిన్న మేనకోడలి వయసుంటుంది. కళ్ళ కింద నల్లగా, నాకంటే అలిసిపోయి ఉంది. చెయ్యి చూసింది, కుట్లు చూసింది. బీపీ చూసి, చీటీ చూసి, మళ్ళీ బీపీ చూసింది.

"పొద్దున మాత్రలు వేసుకున్నారా?"

"వేసుకున్నానమ్మా, ఈసారి."

"ఈసారి ఏంటి?"

మీ అన్నగారు అందుకున్నారు. "రోజూ మింగుతుంది డాక్టరుగారూ. మీకు చూపించే రోజు మాత్రం మానేస్తుంది. మీరేమో ఆ రోజు చూసి పెంచుతారు. ఈవిడ మర్నాటి నుంచి పెంచినవి కూడా మింగుతుంది."

ఆ పిల్ల పెన్ను కింద పెట్టింది. "ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదా?"

"ఎవరూ అడగలేదమ్మా."

నా చీటీ మొదట్నుంచి తిరగేసింది. తర్వాత, "మేమే అడగాలి" అంది. తలుపు బయట జనం గోల వినిపిస్తోంది. అటు చూసి మళ్ళీ నా వైపు చూసింది. "అడగాలండీ. మొట్టమొదట అడగాల్సింది అదే."

నన్ను నిలబెట్టి మళ్ళీ చూసింది. నిలబడితే ఇంకా పడిపోతోంది. రెండు మాత్రలు ఆపేసింది. ఒకటి సగం చేసింది, అదీ మెల్లగా తీసేస్తుందట. చివరికి ఒక్కటి మిగులుతుంది. "ఆ ఒక్కటీ మీకు కావాలి. అది మాత్రం మీ అంతట మీరు ఆపొద్దు. ఇక్కడికి వచ్చే రోజు కూడా వేసుకునే రండి" అంది. ఆపుకుని కూర్చున్నా కూడా బీపీ పెరుగుతుందట. వింటుంటే నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఇంట్లో మిషనుందని చెప్తే, రెండు పూటలా చూసి ఆ అంకెలు తెమ్మంది. మీ మిషను కిందకి దిగింది.

వారం అయింది. లేస్తే లోకం ఉన్నచోటే ఉంటోంది, తిరగడం లేదు. బీపీ నూట ముప్ఫై దగ్గర ఆడుతోంది. చెయ్యి కట్టు విప్పితే లాయరు గారి రెండో కాలు సరిచెయ్యాలి.

ఆ అలవాటు నాకెలా వచ్చిందని మాత్రం అడగకండి. నాదే అనుకోండి.

(మాట తప్పి దూరుతున్నాను. ఈ ఆఖరి మాట చెప్పేటప్పుడు మీ వదిన మొహం తిప్పుకుంది. ఎందుకో నాకు చెప్పలేదు. అన్నయ్య.)

మీ వదిన


ప్రియమైన వదినగారికి,

అడగొద్దన్నారు. అడగను. నాకు తెలిసింది.

ఊళ్ళు వేరు. ఓపీ ఎక్కడైనా ఒకటే. బెంచీ అదే, చీటీ అదే, మెట్ల కింద గది అదే. మీ చెల్లెలికి ముందు బీపీ వచ్చింది, తర్వాత మీకు. ముందు వెళ్ళినామె వెనక వచ్చే అక్కకి చెప్పి ఉంటుంది. ఆసుపత్రి రోజు వేసుకోకు, కూర్చోలేవు అని. మీ మేలు కోరే చెప్పింది. మీరు నా మేలు కోరి దాచారు.

ఓపీ నుంచి వచ్చిన రోజు చెప్పులు విప్పకుండానే లోపలికి పరిగెత్తేది. నేనేదో అడగబోతే, "ముందు నన్ను వెళ్ళనివ్వండి బాబూ" అనేది. నేను నవ్వేవాణ్ణి. ఎందుకంత తొందరో ఎప్పుడూ అనుకోలేదు. ఆ రోజుల్లో ఆమె చీకటితోనే బయల్దేరేది, నేను డ్యూటీకి వెళ్ళిపోయేవాణ్ణి. అలమారలో మిగిలినవి ఆ రోజులవే. చూసుకున్నాను. అంతకంటే ఎక్కువ లేవు.

ఆమె పడిపోవడానికి ముందు వారం డాక్టరు మోతాదు పెంచాడు. ఆ వారం రోజులూ గ్లాసు పట్టుకుని నేను నిలబడ్డాను. ఒక పొద్దున, "కాస్త తూలినట్టుందండీ" అంది. "అలవాటవుతుంది" అన్నాను. మీకు రాసిన మాటే.

అదే కారణమని నేను అనను. కాదనీ అనలేను. ఆ రోజు స్నానాల గదిలో పడిపోయినప్పుడు ఆమె బీపీ ఎంతుందో ఎవరూ చూడలేదు. ఇక తెలియదు. మా ఊరి డాక్టరు దగ్గరికి వెళ్ళి ఇదంతా చెప్పాను. తప్పు పట్టడానికి కాదు. రేపు ఇంకొకరికి పెంచే ముందు అడుగుతాడని. ఆయన చాలాసేపు విన్నాడు. బయట జనం ఉన్నా విన్నాడు.

మీకు చెప్పాల్సింది ఇంకొకటి ఉంది. ఆ మాత్రలు దొరికిన రోజు నుంచీ మీ చెల్లెలి మీద కోపంగా ఉన్నాను. నాతో ఉండాలని లేక మానేసిందనుకున్నాను. నాకు అబద్ధం చెప్పిందనుకున్నాను. ఆమె ఫోటో గోడకి పెట్టకపోవడానికి మేకు దొరకలేదని మీకు ఒకసారి ఫోనులో చెప్పాను గుర్తుందా. మేకులు ఇంట్లో డబ్బాడు ఉన్నాయి.

ఆమె ఏదీ మానేయలేదు. బెంచీ మీద కూర్చోవడం కోసం ఒక పూట వాయిదా వేసింది, అంతే. ఆ కోపం పోయింది. దాని చోట ఏముందో ఇప్పుడే రాయలేను.

మీరు పడి లేచారు. అది నాకు చాలు. చాలనుకోవడం నేర్చుకుంటున్నాను.

మీ వచ్చే ఓపీకి నేను వస్తున్నాను. సెలవు రాసి ఇచ్చాను. అన్నగారిని ట్రిప్పు మార్చుకోవద్దనండి. ముందు రోజు సాయంత్రానికే చేరతాను. పొద్దున ఏదైనా తిని, మాత్ర వేసుకోండి. దాహమైతే నీళ్ళు తాగండి. అక్కడ కూర్చున్నాక వెళ్ళాలనిపిస్తే ఆపుకోకండి. ఎన్నిసార్లయినా సరే, లేచి వెళ్ళండి. మెట్లు నెమ్మదిగా దిగండి. తొందరేమీ లేదు. మీ పేరు పిలిస్తే నేను లేచి నిలబడతాను. మీరు వచ్చేదాకా మీ చోట్లో నేను కూర్చుని ఉంటాను.

మీ మరిది